నిమాలింగు విడిదిలో వంట

లడఖులో మర్ఖా లోయ వెంబడి కాలినడకను బోవువారికి, కొంగ్మారు కనుమ దాటుటకు ముందటి రాత్రి నిమాలింగే విడిది. సుమారు 4,800 మీటర్ల యెత్తున నున్న యీ పచ్చికబయలున చెట్టన్నది లేదు. వేసవిలో మందలను మేపుకొనువారికి ఎండిన పేడయే వంటచెఱకు. బాటసారులు దాని నాశింపరాదు. తమ నిప్పును తామే మోసికొని పోవలయును.

ఇందుల కనువైనది చిన్న గ్యాసుపొయ్యి. కొన్నిటి తూకము నూఱు గ్రాములైన నుండదు. దానిని గ్యాసుడబ్బా తలపై మరతో బిగింతురు. డబ్బాలను విమానములో గొనిపోనీయరు గనుక లేహు పట్టణముననే కొనవలయును.

చలి హెచ్చినకొలది డబ్బాలోని యొత్తిడి తగ్గి మంట క్షీణించును. సముద్రమట్టమున బ్యూటేను సున్న డిగ్రీలవద్దనే ఆవిరియగుట మానును. ఐసోబ్యూటేను సుమారు -12, ప్రొపేను -42 డిగ్రీల వఱకు నిలుచును. కావున నీ రెండును గలిసిన డబ్బాయే మేలు. రాత్రి దానిని పఱుపుసంచిలో నుంచుకొనినచో ఉదయమున మంట చక్కగ వచ్చును.

ఆ యెత్తున నీరు సుమారు 84 డిగ్రీలకే తెరలును. మంట నెంత పెంచినను వేడి యంతకు మించదు, కందిపప్పు మెత్తబడదు. వేయించి పోపు గలిపిన ఉప్మారవ్వయు, అటుకులును ఇంటినుండియే సిద్ధపఱచుకొని పోవుట యుక్తము.

సోదరీమణులారా, ఒక్క మాట మఱువరాదు. చలికి జంకి గుడారములోపల పొయ్యి వెలిగింపకుడు. అందు బుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము దీయును. గాలి కడ్డముగ రేకుతో డబ్బాను జుట్టివేసినను అది వేడెక్కి ప్రేలవచ్చును. బండచాటున, బయటనే వండుకొనుడు. ఖాళీడబ్బాను లేహునకు దిరిగి తెండు.