ఎబ్లా పద్దుల గురించి రామానికి

రామం,

ఈ మధ్య ఎబ్లా పద్దుల్లో పడ్డాను. నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

సిరియాలో అలెప్పోకి దక్షిణాన తెల్ మర్దీఖ్ అని ఒక దిబ్బ. ఇటలీ నుంచి పావ్లో మత్తియే బృందం వచ్చి 1964లో తవ్వకం మొదలుపెట్టింది. 1968లో దొరికిన విగ్రహం మీది శాసనాన్ని బట్టి అది ఎబ్లా అనే పాత నగరం అని తేలింది. 1975లో రాజమందిరంలోని ఓ గదిలో మట్టి పలకలు గుట్టగా బయటపడ్డాయి. ముక్కలతో కలిపి లెక్క 17 వేల దాకా వెళ్ళింది. క్రీ.పూ. 2300 ప్రాంతంలో కోట తగలబడినప్పుడు చెక్క అరలు కాలిపోయి, పలకలు వరసగా కిందికి జారి, ఆ మంటకే గట్టిపడ్డాయట. ఏది ఏ అరలో ఉండేదో పడిన తీరును బట్టి చెప్పగలిగారు.

పలకల మీది గుర్తులు సుమేరులవే గానీ ఎబ్లా వాళ్ళ భాష సెమిటిక్ కుటుంబానిది, అక్కాడియన్‌కి దగ్గరి చుట్టం. పలకల్లో కథలూ మంత్రాలూ కొన్నే. ఎక్కువ భాగం గొర్రెలు, ఉన్ని, వెండి, నెలనెలా కోట నుంచి వెళ్ళిన బట్టలు.

ఆ బట్టల పద్దు నన్ను వదలడం లేదు. రాజకుటుంబంలో, పెద్ద ఉద్యోగుల ఇళ్ళలో పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, ఎవరైనా పోయినా బట్టలు పంపేవారు. యుద్ధం గెలిచామన్న కబురు మోసుకొచ్చినవాడికీ బట్టలే. ఎవరికి, ఏ రకం గుడ్డ, ఎన్ని, ఎందుకు అన్నీ రాసిపెట్టారు. పెళ్ళిళ్ళలో నువ్వు రాసే చదివింపుల పుస్తకం లాంటిదే, కాకపోతే ఇది ఇచ్చినవాళ్ళ వైపుది.

పేర్లు ఏ వరసలో రాశారో చూస్తే పెత్తనం ఎవరిదో తెలిసిపోతుంది. ఇషార్-దాము చిన్నతనంలోనే ఎబ్లాకి రాజయ్యాడు. పద్దుల్లో రాజు తర్వాత ఆయన తల్లి దూసిగు పేరు వస్తుంది, కోడలి పేరు ఆ తర్వాతే. అత్తగారి పెత్తనం గురించి ఎవరూ వేరే పుస్తకం రాయనక్కర్లేదు, గుమాస్తా రాసే పెట్టాడు.

హమాజి అనే రాజ్యానికి కోట అధికారి ఇబుబు రాసిన ఉత్తరం కూడా ఉంది. మనం అన్నదమ్ములం, ఇదిగో కొయ్య సామాను పంపుతున్నాను, గాడిద జాతి మేలైన జంతువులు పంపించు అని దాని సారాంశం. ముందు వరస కలుపుకుని తర్వాత బేరంలోకి దిగాడన్నమాట.

బైబిల్లోని సొదొమ, గొమొఱ్ఱాల పేర్లు ఈ పలకల్లో ఉన్నాయని 1970ల్లో పత్రికలు ఊదరగొట్టాయి. అది నిలబడలేదు. ఆ గోలలో ఉన్ని లెక్కలు మరుగున పడ్డాయి, అదే నా కోపం.

నేత నేసే ఆడవాళ్ళకీ పిండి విసిరేవాళ్ళకీ కోట ధాన్యం కొలిచి ఇచ్చేది. వాళ్ళు చాలాచోట్ల ఒట్టి అంకెలే. కోటతో ఇచ్చిపుచ్చుకోవడం లేనివాడయితే అసలు కనిపించడు.

వెనిస్‌లోని కా ఫోస్కరి విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ పలకల పాఠాలు ఇంటర్నెట్‌లో పెట్టారు. జన్మంతా ఆడిట్ చేసిన కళ్ళు నీవి. ఒక నెల బట్టల పద్దు తీసి చూసి, ఏమనిపించిందో నాలుగు ముక్కలు రాయి.

నీ
శాస్త్రి