పాలివ్వని ప్రాణి

మా పిల్లి పేరు చుక్కి. నుదుటిమీద తెల్లని బొట్టు ఉండటంచేత మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. అమ్మాయి పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళాక పిల్లి మాకు మిగిలింది. ఇంటికి వచ్చిన పదిహేనో ఏట, 2023 వేసవిలో, అది నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని అదేపనిగా నీళ్ళు తాగసాగింది. తడలో ఎండలు ఎరిగినవారికి ఇందులో వింత తోచదు. పులికాట్ నీరు వెనక్కి తగ్గి, ఉప్పు పేరుకున్న బురదనేల బయటపడే రోజులవి. ఎండకు తాగుతోందనుకున్నాను. నిమిరినప్పుడు వెన్నెముక చేతికి తగిలితే ముసలిదయిందనుకున్నాను. అలా అనుకుంటూనే రెండు నెలలు గడిపాను. ఇప్పుడు ఇది రాయడానికి కారణం ఆ రెండు నెలలే.

జులైలో అది తిండి మానేసింది. ఎండు నెత్తళ్ళు వేయించి ముందు పెట్టినా మొహం తిప్పుకుంది. ఒళ్ళు వెచ్చగా ఉందని మా ఆవిడకు అనిపించింది. మందుల కొట్టులో అడిగితే పారాసెటమాల్ మాత్రలో పావువంతు పాలలో కలిపి పట్టమన్నారట. మాత్ర విరిచాక ఎందుకో ఆమెకు మనసొప్పలేదు. "ఒకసారి పశువుల డాక్టరు గారిని అడిగి రండి" అంది.

పశువుల ఆసుపత్రి అంటే మా వైపు గేదెలకు, ఆవులకు, గొర్రెలకు. ఆవరణలో పశువును నిలబెట్టి కట్టే ఇనుప చట్రం ఉంటుంది. ఆ చట్రం పక్కన బుట్టలో పిల్లిని పెట్టుకుని కూర్చుంటే, ఈనలేక బాధపడుతున్న గేదెను తోలుకొచ్చిన రైతు నన్నూ బుట్టనూ మార్చి మార్చి చూశాడు. అతన్ని తప్పుపట్టలేను. అతని గేదె ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతుంది. నా పిల్లి పాలివ్వదు, బండి లాగదు. పిసినారిని గురించి చెప్పేటప్పుడు 'పిల్లికి బిచ్చం పెట్టడు' అంటాం. అంటే అడిగేవాళ్ళ వరసలో పిల్లిది కడపటి స్థానమన్నమాట. వైద్యం వరసలోనూ అంతే.

డాక్టరు గారు గేదె పని ముగించుకుని, మోచేతుల దాకా కడుక్కుని వచ్చారు. మాత్ర సంగతి చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. "ఇచ్చారా?" అన్నారు. ఇవ్వలేదన్నాను. "అమ్మగారు దీన్ని బతికించారు. మన కాలేయం విరిచేసినట్టు పిల్లి కాలేయం ఆ మందును విరవలేదు. చిన్న ముక్కయినా ప్రాణం తీస్తుంది" అని, చుక్కి చిగుళ్ళు చూసి, పొట్ట తడిమి, కాసేపు మౌనంగా ఉన్నారు. "మాస్టారూ, నా అనుభవమంతా గేదెల మీద. తెలిసినట్టు నటించి దీనికి అన్యాయం చేయలేను. రక్తపరీక్ష చేయించాలి, వేపేరి తీసుకెళ్ళండి" అన్నారు.

నేను నేరుగా వేపేరి వెళ్ళలేదు. దగ్గరి దారి వెతుక్కుని ఒక పట్నంలో పేరున్న ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాను. అక్కడి వైద్యుడు బుట్ట మూతైనా తీయలేదు. "పదిహేనేళ్ళ పిల్లి కదండీ, ఎందుకీ ఖర్చు?" అన్నాడు. ఆ మాటకు కోపం రావలసింది. కానీ సిగ్గు వేసింది. ఆ రెండు నెలలూ నాలో నేను అనుకున్న మాటనే ఆయన పైకి అన్నాడు.

2022 ఏప్రిల్ నుంచి మా మండలం తిరుపతి జిల్లాలో ఉంది. తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాలా ఉంది. అయినా రైలూ రోడ్డూ మమ్మల్ని మద్రాసు వైపే లాగుతాయి. మరునాడు తెల్లవారకముందే కారు మాట్లాడుకుని, గుమ్మిడిపూండి మీదుగా వెళ్ళి, వేపేరి చేరాం. 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల అది. దాని ఆసుపత్రిలో కుక్కలూ పిల్లులూ తమ మనుషులతో వరస కట్టి ఉంటాయి. అక్కడ నన్ను ఎవరూ వింతగా చూడలేదు.

మా వంతు వచ్చాక ఒక యువ వైద్యురాలు బల్లమీద తువ్వాలు పరిచి, బుట్ట మూత తీసి, చేతులు కట్టుకుని నిలబడింది. చుక్కి తనంతట తాను బయటికి వచ్చేదాకా దాన్ని ముట్టుకోలేదు. వరసలో ఇంకా ఎందరో ఉన్నా ఆ రెండు నిమిషాలూ ఆమె దానికే ఇచ్చింది. రక్తపరీక్ష వచ్చాక తమిళమూ తెలుగూ కలిపి చెప్పింది: మూత్రపిండాలు పాడయ్యాయి, మళ్ళీ బాగుపడవు. దాదాపు మూడింట రెండు వంతులు చెడేదాకా పిల్లిలో ఆ జబ్బు పైకి కనిపించదట. వేటాడే జీవే అయినా, తనకన్నా పెద్దవాటికి తానే ఆహారం కనుక నొప్పిని దాచుకోవడం దాని స్వభావమట. "ముందే తెస్తే?" అని అడిగాను. "కొంత మేలు జరిగేది" అంది. అబద్ధం చెప్పి నన్ను ఓదార్చలేదు. ఆ నిజం చెప్పినందుకు ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

తరువాత ఆమె మెడ వెనక చర్మం పైకెత్తి చూపించింది. తల్లిపిల్లి కూనను నోట కరచి మోసే చోటది. మార్జాల కిశోర న్యాయమని పెద్దలు చెబితే విన్నాను గానీ, ఆ చోటు ఇంత వదులుగా ఉంటుందని ఎరగను. సీసాను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, ఆ చర్మం కిందికి సన్నని సూదితో సెలైన్ ఎక్కించాలి. అది మూపురంలా ఉబ్బి, కొన్ని గంటల్లో ఒంట్లో ఇంకిపోతుంది. ఉప్పుచేపలు మానిపించాలి. "దీన్ని మాటిమాటికీ ఇంత దూరం తేవద్దు. ఆ ప్రయాణమే దీనికి పెద్ద బాధ. మీ ఊళ్ళో ఎవరైనా సూది వేస్తారా?" అని అడిగింది.

వేశారు. గేదెల డాక్టరు గారే. చీటీ చదువుకుని, వేపేరికి ఫోను చేసి సందేహాలు తీర్చుకుని, వారానికి రెండుసార్లు పని ముగిశాక మా అరుగుమీదికి వచ్చేవారు. మూడో వారానికి నాకే నేర్పారు. మొదట నా చేయి వణికింది, చుక్కి కదలలేదు. మళ్ళీ తినసాగింది. మునుపటిలా సాయంత్రాలు గోడెక్కి కూర్చునేది.

డిసెంబరు మొదటివారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. మద్రాసు నీట మునిగింది. మా వీధిలో కరెంటు లేదు. చుక్కి ఇక తల ఎత్తడం లేదు. డాక్టరు గారు మోకాలి లోతు నీళ్ళలో నడిచి వచ్చి, టార్చి వెలుగులో చూశారు. "బాధపడుతుంటే నిద్రపుచ్చే మందు వేసి పంపించేద్దును. బాధ కనిపించడం లేదు. ఒళ్ళోనే ఉండనివ్వండమ్మా" అని మా ఆవిడతో అన్నారు. వెళ్ళిపోలేదు. పీట లాక్కుని తెల్లవారేదాకా కూర్చున్నారు. తెల్లవారుజామున అది పోయింది.

చుక్కికి దొరికిన అయిదు నెలల్లో మందు పాలెంతో, ఆ ఇద్దరి ఓపిక పాలెంతో నేను తేల్చలేను. ఒకరు తెలియదని చెప్పగలిగారు. ఒకరు తెలిసిన నిజాన్ని దాచకుండా చెప్పారు. మీ ఇంట్లో ముసలి పిల్లి ఉంటే, అది నీళ్ళు ఎక్కువగా తాగుతుంటే, ఎండలకని సరిపెట్టుకోకండి. నేను సరిపెట్టుకున్నాను.