పప్పు ఉడకని ఊరు

గోదావరి ఒడ్డున పుట్టినవాడికి నీళ్ళను గూర్చి కొంచెం గర్వం ఉంటుంది. నాకూ ఉండేది. రాజమహేంద్రవరంలో మా కుళాయికి వచ్చేది గోదావరి నీరే. వరదరోజుల్లో ఏరు ఎర్రబడితే, పూర్వం బిందె లోపల ఇండుపగింజ రుద్ది తేర్చుకొనేవాళ్ళమని మా నాయనమ్మ చెబుతూండేది. రంగు ఎట్లా ఉన్నా ఆ నీళ్ళతో సబ్బు నురుగెత్తేది, పప్పు వెన్నలా ఉడికేది. నీళ్ళంటే అన్నిచోట్లా అంతే కాబోలు ననుకొన్నాను.

2014లో పిడుగురాళ్ళ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. తెలుగు చెప్పుకొని బ్రతికేవాడికి పల్నాడంటే మోజు ఉండదూ! బ్రహ్మనాయుడూ, నాగమ్మా కళ్ళముందు మెదులుతూండగా రైలు దిగాను. కనిపించినవి మాత్రం సున్నపు బట్టీలు. చెట్ల ఆకులమీద కూడా తెల్లని పొడి.

మా అద్దె యింటికి బోరు, మిద్దెమీద ట్యాంకు. అమ్మ గ్లాసు ఎత్తి వెలుతురులో పట్టి, “ఒరేయ్ అబ్బాయీ! మన గోదారి నీళ్ళకంటె ఇవే తేటగా ఉన్నాయిరా” అన్నది. నిజమే, అద్దంలా ఉన్నాయి.

మర్నాడు స్నానానికి కూర్చుంటే సబ్బు ఎంత రుద్దినా నురుగు లేదు. విరిగిన పాలలా తెల్లని తునకలు బకెట్టులో తేలినై. మా ఆవిడ తన జుట్టు కొబ్బరిపీచు అయిపోయిందని గోల. కాఫీకి నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పెచ్చు. ఇవన్నీ నవ్వుకొంటూనే భరించాము. అసలు తంటా పప్పు దగ్గర వచ్చింది.

అమ్మ వండే ముద్దపప్పుకు మా బంధువుల్లో పేరు. అటువంటిది, కుక్కరు ఆరు కూతలు కూసినా కందిపప్పు పలుకుగానే ఉండేది. ఒకనాడు ఆకలిమీద ఇంటికి వచ్చి, నోటికి ఆ పలుకు తగిలేసరికి, “నీకు వంట మరపు వచ్చిందే అమ్మా! రేపటినుంచి కోడలికి వదిలెయ్యి” అనేశాను. ఆవిడ మారు పలకలేదు. మర్నాటినుంచి వంటింట్లోకి రాలేదు. కోడలు వండిన పప్పూ ఉడకలేదు. ఆ సంగతి నేను పైకి అనకుండా తిని లేచాను. మొదటి తప్పుకంటె ఇది పెద్దది.

కథ విప్పినవాడు మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరు. ఆయనది సాగరు కుడికాలువ నీరు చెరువుకు నింపుకొని కుళాయిల కిచ్చే పల్లె. “మాస్టారూ, తప్పు పప్పుదీ కాదు, అమ్మగారిదీ కాదు. మీ ఇంటి క్రింద ఉన్నది సున్నపురాయి” అన్నాడు.

వాన నీరు స్వతహాగా మెత్తనిది. నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, కొద్దిగా పులిసి, సున్నపురాయిని కరిగించుకొంటుంది. అట్లా చేరిన కాల్షియం, మెగ్నీషియం లవణాలే నీటి కఠినత్వం. అవే సబ్బును విరగగొడతాయి. పప్పుగింజ కణాలను అతికి పట్టే పెక్టిను అనే జిగురును కాల్షియం మరింత గట్టిపరుస్తుంది. అందుకని గింజ విచ్చదు. నీళ్ళు మరగబెడితే కఠినత్వంలో కొంత భాగం పెచ్చుగా అడుగున దిగిపోతుంది, కొంత ససేమిరా అంటుంది. లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదనీ, వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం.

ఆయన మాటలతో వదలలేదు. మరునాడు తన ఊరి కుళాయి నీళ్ళు ఒక డబ్బాతో తెచ్చి, “అమ్మగారూ, ఇవాళ తమరే వండాలి” అన్నాడు. అదే పప్పు, అదే కుక్కరు. మూడు కూతలకు ముద్దయింది. అమ్మ గరిటెతో మెదిపి చూచి, “అయితే నా చేతిది కాదన్నమాట” అన్నది, ఎవరివంకా చూడకుండా. క్షమించమని నేను నోటితో అనలేకపోయాను. మారు వడ్డించమని కంచం చాచాను.

2019లో హైదరాబాదు చేరాము. ఇక్కడి వింత వేరు. మా వాటాలో వంటింటి కుళాయికి నది నీరు, స్నానాలగదికి బోరు నీరు. నడుమ ఒక్క ఇటుక గోడ. అటు నురుగు, ఇటు విరుగుడు! గీజరు విప్పితే లోపలి చుట్టకు తెల్లని కవచం కట్టి ఉంది.

మెత్తని నీళ్ళన్నీ మంచివేనని కూడా అనుకోకండి. నల్లగొండ పల్లెల్లో ఎముకలు వంచిన ఫ్లోరైడు సబ్బు నురుగుకు దొరకదు. సాధారణంగా కాల్షియం తక్కువైన భూగర్భజలంలోనే అది ఎక్కువగా కరిగి ఉంటుంది. దానికి పరీక్షశాలే గతి.

అమ్మ మాత్రం తన పరీక్ష తనదే నంటుంది. మొన్న మా చెల్లెలు కాపురం అనంతపురం మార్చి ఫోను చేసింది. ఇల్లెట్లా ఉందనీ, అద్దె ఎంతనీ అడగలేదు అమ్మ.

“పప్పు ఎన్ని కూతలకు ఉడికిందే?” అన్నది.