డిసెంబరు కబుర్లు: అటక దిగిన పుస్తకాల పెట్టె

థాంక్స్‌గివింగ్ వంటలు ఫ్రిజ్‌లో ఇంకా ఖాళీ కాకముందే మా వీధంతా దీపాలు. ఎదురింటివాళ్లు ఈసారి గాలి కొట్టే క్రిస్మస్ తాతను పెట్టారు. రాత్రంతా నిటారుగా నిలబడతాడు, పొద్దున స్విచ్ ఆపగానే పచ్చికమీద బోర్లా పడిపోతాడు. తాతకి జ్వరమొచ్చిందని మా చిన్నాడు రోజూ బెంగపడుతున్నాడు. ఈ హడావిడిలోనే మా పుస్తకాల పెట్టె అటక దిగింది.

ఇది మేం కనిపెట్టిన ఆనవాయితీ కాదు. అమెరికాలో పసిపిల్లలున్న ఇళ్లలో తరచూ చూసేదే. క్రిస్మస్ బొమ్మల పుస్తకాలు ఏడాదంతా అరలో ఉండవు, చెట్టుకి కట్టే గంటలూ బంతులతోపాటు జనవరిలో మూటగట్టేస్తారు. సంక్రాంతి కొలువు బొమ్మల్లాగా, పదకొండు నెలలు కళ్లబడకపోవడంలోనే ఉంది వాటి దర్జా. కొందరు ఇరవై నాలుగు పుస్తకాలకి రంగుకాగితాలు చుట్టి, డిసెంబరు 1 నుంచి రోజుకొకటి విప్పిస్తారు. కొనే స్తోమత లేకపోతే లైబ్రరీ నుంచి తెచ్చి చుడతారు. నాకది అంతగా రుచించదు. పిల్లల ధ్యాసంతా కాగితం చింపడం మీదే. పైగా నిన్నటి పుస్తకమే మళ్లీ కావాలని కూర్చునే వయసు వాళ్లది, రోజుకో కొత్తదెందుకు? మా గుంటూరు స్నేహితుల ఇంట్లో పద్ధతి వేరు. వాళ్లు ముందు యేసు పుట్టిన పశువుల పాక కథ చదువుతారు, తాతా బండీ అన్నీ ఆ తర్వాతే.

పెట్టె తెరవగానే మా పెద్దది రుడాల్ఫ్‌ని లాక్కుంటుంది. ఈ ఎర్రముక్కు రెయిన్‌డీర్ ఏ తాతలనాటి జానపద కథలోదో అనుకునేదాన్ని. తీరా చూస్తే షికాగోలో ఒక వ్యాపార సంస్థ పుట్టించింది. మాంట్‌గొమరీ వార్డ్ వాళ్లు పండక్కి వచ్చే పిల్లలకి రంగులేసుకునే పుస్తకాలు కొని పంచేవారట. 1939లో, కొనేకంటే సొంతంగా వేసుకుంటే చవక కదా అని, తమ దగ్గర ప్రకటనలు రాసే రాబర్ట్ మే అనే ఉద్యోగికి పని అప్పగించారు. అప్పటికి ఆయన భార్య క్యాన్సర్‌తో మంచంలో ఉంది, నెత్తిమీద అప్పులు. రాసింది రాసినట్టు నాలుగేళ్ల కూతురికి చదివి వినిపించేవాడు. కథ పూర్తవకుండానే ఆ వేసవిలో భార్య పోయింది. ఇక వదిలెయ్యమని పైవాళ్లన్నా వినకుండా ముగించాడు. ఆ ఏడాది 24 లక్షల ప్రతులు ఊరికే పంచారు. అందరికీ తెలిసిన పాట వచ్చింది మాత్రం పదేళ్ల తర్వాత, 1949లో.

చిన్నాడిది రైలు పిచ్చి, కాబట్టి ‘పోలార్ ఎక్స్‌ప్రెస్’. క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ 1985లో వేసిన పుస్తకం, మరుసటేడు కాల్డెకాట్ పతకం తెచ్చుకుంది. రాత్రి దుస్తుల్లో ఉన్న పిల్లల్ని ఎక్కించుకుని, వేడి చాక్లెట్ పోస్తూ ఉత్తర ధ్రువానికి పోతుంది రైలు. ఇక్కడ కొన్నిచోట్ల ఆ పేరుతో నిజం రైళ్లే నడుపుతారు, పిల్లలు పైజామాల్లోనే ఎక్కొచ్చు. టికెట్ ధర చూసి మా ఆయన హాల్లో కుర్చీలు వరసగా వేసి, కంచం మీద గరిటెతో గంట కొట్టి ఇంట్లోనే నడిపించాడు. నిద్ర ముంచుకొచ్చి నేనొక వాక్యం దాటేస్తే చిన్నాడు వెంటనే పట్టేస్తాడు. అక్షరాలు రావు గానీ పుస్తకమంతా నోటికొచ్చు. నమ్మేవాళ్లకే గంట చప్పుడు వినిపిస్తుందనే చివరి పేజీ దగ్గర ఈసారి పెద్దది చెవి రిక్కించలేదు, నా మొహంలోకి చూసింది. నేను గబుక్కున పుస్తకం మూసి పాలు తాగారా అన్నాను.

ఈ ఏడు అసలు సందడంతా మా అత్తగారిది. తెనాలి నుంచి వచ్చారు, రెండు స్వెటర్లమీద శాలువా కప్పుకుని హీటరు పక్కనే మకాం. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అందుకని రేమండ్ బ్రిగ్స్ ‘ది స్నోమ్యాన్’ చేతిలో పెట్టాను. 1978 నాటి ఈ బ్రిటిష్ పుస్తకం లోపల ఒక్క మాటా ఉండదు, అన్నీ రంగు పెన్సిళ్లతో వేసిన మెత్తని బొమ్మలే. విచిత్రమేమిటంటే అందులో క్రిస్మసూ లేదు! 1982లో టీవీకి చిత్రం తీసినప్పుడు తాతను చేర్చారు, అది పండగ రోజుల్లో ఏటా వెయ్యడంతో పుస్తకం కూడా పండగ జాబితాలో చేరిపోయింది. అదే బ్రిగ్స్ 1973లో గీసిన క్రిస్మస్ తాత ఇంకోడున్నాడు. చలినీ పొగగొట్టాల్నీ తిట్టుకుంటూ డ్యూటీ చేస్తాడు. బ్రిగ్స్ తండ్రి లండన్‌లో ఇంటింటికీ పాలు వేసేవాడు, తెల్లవారుజాము చాకిరీ అంటే ఏమిటో ఆ ఇంట్లో తెలుసు. మా అత్తగారు ఆ బొమ్మలు చూసి, “పాపం, ఈయనకీ చలి పడదు” అని తన పక్షంలో కలిపేసుకున్నారు.

మంచుమనిషి కథ మాత్రం ఆవిడ నోట రోజుకో రకం. వాడు చల్లదనం కోసం ఫ్రీజర్లో పడుకునే బొమ్మ దగ్గర పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. చివర్లో వాడు కరిగిపోయి టోపీ, మఫ్లరు మిగిలిన పేజీకి ఆవిడ, “ఊరెళ్లాడమ్మా, సామాను తర్వాత పట్టుకెళ్తాడు” అంటారు. పెద్దది కళ్లు తిప్పుతుంది. చిన్నాడి పేచీ వేరు. పుస్తకంలో పిల్లాడూ మంచుమనిషీ ఎగురుకుంటూ వెళ్లి వాలేది ఇంగ్లండులో బ్రైటన్ సముద్రపొడ్డున. మా అత్తగారి కథలో మొన్న సూర్యలంకలో దిగారు, నిన్న మంగినపూడిలో.

“మొన్న సూర్యలంక అన్నావుగా నానమ్మా!”

“నిన్న గాలి బందరు వైపు కొట్టిందిరా, నేనేం చెయ్యను?”