మానేరు ఒడ్డున ఉప్పునీళ్లు

కరీంనగర్ గ్రానైట్‌కు పేరుపడ్డ ఊరు. సముద్రం ఎటు చూసినా మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అలాంటి చోట ఒక కెమిస్ట్రీ లెక్చరర్ ఇంట్లో 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉందంటే చూడ్డానికి వెళ్లాను. చారల క్లౌన్ చేపలు, నత్తలు, రాళ్లను గులాబీ రంగు పొరలా కప్పేసిన నాచు. గట్టి పగడాలు లేవు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నవాటిని ఇంట్లో పెంచకూడదు. రాళ్లు కూడా సముద్రంలోంచి తీసినవి కావు, సిరామిక్‌తో చేసినవి. ఆయన మీద నాకు గౌరవం అక్కడే మొదలైంది.

నల్లా నీళ్లను ఆర్వోలోనూ ఆపైన రెజిన్‌లోనూ వడకట్టి, టీడీఎస్ సున్నా చూపించాకే సముద్రపు ఉప్పు మిశ్రమం కలుపుతారు. లీటరుకు ఇంచుమించు 35 గ్రాములు. వంటింటి ఉప్పు పనికిరాదు, అందులో మెగ్నీషియం, కాల్షియం ఉండవు కదా.

"మా దగ్గర ఎండకాలమే అసలు పరీక్ష సార్. నీళ్లు ఆవిరైతయ్ గని ఉప్పు ఎటూ పోదు" అన్నారు. మే నెలలో ఫ్యాన్ కింద రోజుకు ఐదు లీటర్ల దాకా తగ్గుతాయట. మూడు రోజులు ఊరెళితే 35 ఉండాల్సిన ఉప్పదనం 37 దగ్గరికి చేరుతుంది. అందుకని తగ్గినంత మేరా మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

తర్వాత ఆల్కలినిటీ, అంటే నీళ్లలో కరిగి ఉన్న కార్బొనేట్ల లెక్క. ఐదు మిల్లీలీటర్ల నీళ్లు గాజు గొట్టంలో తీసుకుని చుక్కలు వేశారు, చుక్కకు ఒక డిగ్రీ లెక్క. ఆరో చుక్కకే నీలం పసుపైంది. ఎనిమిది ఉండాలి. నాచూ నత్తలూ కాల్షియం కార్బొనేట్ కట్టుకుంటూ పోతే కాల్షియం 20 పీపీఎం తగ్గేలోగా ఆల్కలినిటీ 2.8 డిగ్రీలు పడిపోతుంది. ఉండే 420 పీపీఎం కాల్షియంలో 20 ఒక లెక్కా? ఎనిమిదిలో దాదాపు మూడంటే మాత్రం చాలా ఎక్కువ. అందుకే ఆయన ముందు చూసేది దీన్నే.

కాల్షియం పెంచేదీ ఆల్కలినిటీ పెంచేదీ రెండూ ఒకేసారి ఎందుకు కలపరని అడిగాను. ఒక గ్లాసులో కాల్షియం క్లోరైడ్ నీళ్లు పోసి, తినే సోడా కలిపిన నీళ్లు వంచారు. క్షణంలో పాలలా విరిగింది. సుద్ద! ఆదిలాబాద్‌లో పెన్‌గంగ వెంబడి నేను చూసిన సున్నపురాయీ ఈ పదార్థమే. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట అక్కడున్న సముద్రం అడుగున పేరుకున్నది. ఈ ఉత్తర తెలంగాణలో సిమెంటు ఫ్యాక్టరీలు నిలిచింది అలాంటి రాయి మీదే. కరీంనగర్‌లో సముద్రమేమిటి అనుకుంటూ వచ్చిన నాకు ఆ గ్లాసు చూశాక ఆ మాట అనబుద్ధి కాలేదు.

మరి అక్వేరియంలో నీళ్లు అలా ఎందుకు విరగవు? మెగ్నీషియం వల్ల. 1300 పీపీఎం చుట్టూ ఉంటే అది సుద్ద స్ఫటికాల మీద చేరి వాటిని పెరగనివ్వదు. అది తగ్గితే కాల్షియం ఎంత పోసినా నిలవదు, హీటరు మీదా పంపు మీదా తెల్లగా పేరుకుంటుంది.

300 లీటర్లకు ఆల్కలినిటీ ఒక డిగ్రీ పెరగాలంటే తొమ్మిది గ్రాముల తినే సోడా కావాలి. రెండు డిగ్రీలు లోటున్నా తొమ్మిదే తూచి, మంచినీళ్లలో కరిగించి, పంపు ధార దగ్గర మెల్లగా వదిలారు. "తక్కువుంటే తట్టుకుంటయ్ సార్, ఒక్కసారే ఎక్కిస్తేనే ఆగమైతయ్. మిగిలింది రేపు మళ్ల చూసినంకనే."