ఆనె అనుకున్నాను

ఇరవై ఆరేళ్ళుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. 'విద్యార్థి'ని ఎవడైనా 'విధ్యార్ధి' అని రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టకుండా వదలను. అలాంటి నేను నా ఒంటి మీద మొలిచిన రెండింటికి రెండు తప్పుడు పేర్లు పెట్టి, ఏడాదిన్నర పాటు ఆ పేర్లకే వైద్యం చేసుకున్నాను.

మొదటిది కుడి అరికాల్లో, బొటనవేలి కింద, కందిగింజంత. రోజుకు ఆరు పీరియడ్లు నిలబడే వాడికి అది ఆనెకాయ కాక ఇంకేమవుతుంది? మా నాన్నకూ ఉండేవి. మందుల షాపు కుర్రాడు నడుమ మందు ఉన్న గుండ్రటి ప్లాస్టర్ చేతిలో పెట్టాడు. కార్న్ క్యాప్ అంటారు దాన్ని. అంటించి ఉంచితే చర్మం తెల్లగా నానేది. ఆదివారం స్నానమయ్యాక గడప మీద కూర్చుని, షేవింగు బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కేవాణ్ణి. లోపల మిరియప్పొడి చల్లినట్టు నల్లచుక్కలు. ఎప్పుడో దిగి విరిగిన తుమ్మముల్లు ముక్కలని తీర్మానించి పిన్నీసుతో కెలికేవాణ్ణి. సూదిమొనంత రక్తపుబొట్లు నాలుగైదు చోట్ల పైకి వచ్చేవి, ముల్లు మాత్రం రాలేదు. వేసవి సెలవులయ్యేసరికి దాని పక్కన ఇంకో రెండు లేచాయి.

రెండోది మెడ. కాలరు రాసుకునేచోట సన్నటి కాడలతో వేలాడే మెత్తటివి ఏడు. వాటిని పులిపిర్లనే అన్నాం, ఎవరైనా అంతే అంటారు. అమ్మ తన తల వెంట్రుకొకటి తెంపి, అన్నింటికన్నా పెద్దదాని మొదట్లో బిగించి ముడేసింది. మూడో రోజుకు నల్లబడింది, అయిదో రోజుకు చీము పట్టింది. జీడిగింజ కాల్చి అంటిద్దామని కూడా అంది. దానికి ఒప్పుకోకపోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. జీడిసొన తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది.

ఇవేవీ నన్ను డాక్టరు గడప ఎక్కించలేదు. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయికి గోళ్ళు కొరికే అలవాటు. చూపుడువేలి గోరు పక్కన గరుకుగా, చిన్న కాలీఫ్లవర్ రెబ్బలాంటిది లేచింది. దాన్నీ కొరుకుతోంది. మా ఆవిడ "ఏవండీ, ఇవాళైనా తీసుకెళతారా?" అంటే చర్మం డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాం.

డాక్టరుగారు వేలు చూసి, "ఇది పులిపిరి. ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా?" అంది.

"నాకు మెడ మీద ఉన్నాయండీ. అరికాల్లో ఉన్నది ఆనెలెండి."

"చెప్పులు విప్పండి మాస్టారూ."

బొటనవేలితో పైనుంచి నొక్కింది, ఓర్చుకున్నాను. రెండు పక్కల నుంచి గిల్లినట్టు పట్టింది, కాలు లాక్కుని అరిచాను. ఆనె అయితే పైనుంచి నొక్కినప్పుడు ఎక్కువ నొప్పెట్టాలట. తర్వాత భూతద్దం నా చేతికే ఇచ్చి చూడమంది. వేలిముద్రల్లాగే అరికాలి చర్మానికీ గీతలుంటాయి. ఆనె మీదుగా ఆ గీతలు సాగిపోతాయి. నా కాలి మీద మాత్రం, చేలో బండరాయి అడ్డొస్తే నాగలిచాలు పక్కకు వంగినట్టు, గీతలన్నీ అక్కడిదాకా వచ్చి చుట్టుతిరిగి పోతున్నాయి. నేను ముళ్ళనుకున్న నల్లచుక్కలు పులిపిరికి రక్తం అందించే సన్నటి నాళాలు, గడ్డకట్టినవి. పొరలు చెక్కితే బొట్లుబొట్లుగా నెత్తురు రావడమే దాని గుర్తట. ఆ గుర్తు నాకు ప్రతి ఆదివారం కనబడుతూనే ఉంది.

పులిపిరి వైరస్ వల్ల వస్తుంది. 1907లో చ్యుఫో అనే ఇటలీ వైద్యుడు పులిపిరి రసాన్ని బ్యాక్టీరియా దూరలేనంత సన్నగా వడకట్టి తన చేతికే ఎక్కించుకుని, అక్కడ పులిపిర్లు మొలిపించి దీన్ని నిరూపించాడు. ఆయన తెలిసి చేసిన పని నేను బ్లేడుతో తెలియక చేశాను.

"బాత్రూంలో కాళ్ళు రుద్దుకునే రాయి అందరికీ ఒకటేనా?" అని అడిగింది డాక్టరుగారు.

ఒకటే. అమ్మాయి నా వైపు చూడలేదు, నేనే చూశాను. "స్కూల్లో అంటిందో ఇంట్లో అంటిందో చెప్పలేం, బయటపడటానికి నెలలు పడుతుంది" అందావిడ. నన్ను ఓదార్చడానికే అన్నట్టు అనిపించింది.

ఈ వైరస్ కుటుంబం పేరు హెచ్‌పీవీ, 200 పైచిలుకు రకాలున్నాయి. చేతుల మీద గరుకుగా లేచేవి, అరికాల్లో బరువుకు లోపలికి అణగిపోయేవి, కనురెప్పల దగ్గర, పెదవుల పక్కన దారప్పోగుల్లా పొడుచుకొచ్చేవి, అన్నీ దాని పనే. మా తమ్ముడి గడ్డం కింద గోధుమరంగులో చదునుగా, వరసలు కట్టినట్టు ఉండేవి. మొటిమలనుకుని రోజూ గీసుకునేవాడు. రేజరు వెళ్ళిన దారినే అవి మొలుస్తాయని అప్పుడు తెలిసింది. మర్మాంగాల దగ్గర వచ్చేవి ఎక్కువగా 6, 11 రకాలవి. సిగ్గుపడి కార్న్ క్యాప్‌లు అక్కడ అంటించుకునేవాళ్ళూ ఉన్నారని డాక్టరుగారు చెబితే నవ్వలేకపోయాను. మరి పిల్లల ఒంటి మీద ముత్యంలా మెరుస్తూ, నడుమ బొడ్డులా గుంటపడి ఉండేవి వేరే వైరస్‌వి. అమ్మ చెంపల మీది నల్లటి గింజలు అసలు వైరస్‌వే కావు, వంశపారంపర్యం. మనం వీటన్నింటికీ పులిపిరి అనే ఒక్క మాట సర్దేశాం, కొన్నిచోట్ల ఉలిపిరి. ఇంత గొప్ప భాషలో ఇక్కడ మాత్రం పిసినారితనమెందుకో!

చివర్లో కాలరు పక్కకు తీసి చూసి, "ఇవి పులిపిర్లు కావు, స్కిన్ ట్యాగ్స్, అంటుకునేవి కావు" అంది. నేను హమ్మయ్య అనుకునేలోగా మెడ వెనక వేలితో రాసింది. "ఈ నలుపు ఎన్నాళ్ళుగా ఉంది?"

"ఎండకండీ. పీచుతో రుద్దినా పోవడం లేదు."

"షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?"

ఎప్పుడూ చూపించుకోలేదు. మఖమల్ గుడ్డలా మందంగా నల్లబడిన ఆ మెడా, ఆ వేలాడేవీ, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే గుర్తులు కావచ్చట. మర్నాడు పరగడుపున 168, మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 8.4. అప్పుడు పడ్డాయి అసలు చీవాట్లు. కార్న్ క్యాప్‌లో ఉండేది సాలిసిలిక్ ఆమ్లం, నేను వాడినదాంట్లో 40 శాతం. షుగరున్నవాళ్ళు సొంతంగా వాడకూడదని లోపలి కాగితంలో రాసే ఉంది. ఆ మడత నేనెప్పుడూ విప్పలేదు. నైలాన్ పోగుతో పాదం మీద అక్కడక్కడ తాకించి, తగిలినప్పుడల్లా చెప్పమంది. కళ్ళు మూసుకుని "ఆఁ... ఆఁ..." అంటున్నప్పుడు గొంతు వణికింది. స్పర్శ పోలేదు. పోయి ఉంటే, ఆ బ్లేడు ఎంతవరకు దిగిందో నాకు తెలిసేదే కాదు.

షుగరు కాస్త దారికొచ్చాకే కాలు ముట్టుకుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనితో, మూడు వారాలకోసారి, నాలుగు దఫాలు. అమ్మాయి వేలికి పూతమందు ఇచ్చి, చాలామంది పిల్లలకు ఒకట్రెండేళ్ళలో వాటంతటవే పోతాయంది. నాకన్నా ముందే తనకు రాలిపోయింది. గోళ్ళు మాత్రం కొరుకుతూనే ఉంది.

మెడ మీద ఆరు అలాగే ఉన్నాయి, ఏడోదాని చోట మచ్చ. రాత్రి పడుకునే ముందు మా ఆవిడ ఫోను టార్చి వేసి అరికాలు చూస్తుంది. మొన్న అమ్మాయి భూతద్దం తెచ్చుకుని తనూ వంగింది. "నాన్నా, గీతలు మధ్యలోంచి వెళుతున్నాయి."

"సరిగ్గా చూశావా?"

"ఇదిగో, ఒకటి... రెండు... మూడు" అని గోటితో లెక్కపెడుతుంటే చక్కిలిగింత పెట్టింది.