బాబాయి ఉత్తరాల్లో ఫుట్‌బాల్

ఈ వయసులో, అందులోనూ ఆడదాన్ని, ఫుట్‌బాల్ గురించి రాస్తానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. మీరూ నవ్వుకోండి, ఫరవాలేదు. మా బరంపురానికి ఆరువందల కిలోమీటర్ల దూరాన, కలకత్తాలో ఉన్న ఈస్ట్ బెంగాల్ అనే టీమంటే నాకు యాభై ఏళ్ళుగా అభిమానం. ఈ యాభై ఏళ్ళలోనూ వాళ్ళ ఆటను మైదానంలో కూర్చుని చూసింది మాత్రం ఒక్కసారే. అదీ కలకత్తాలో కాదు, మన భువనేశ్వర్‌లో. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా బాబాయి సంగతి చెప్పాలి.

బాబాయి 1958లో, ఇరవయ్యో ఏట, టిటాగఢ్‌లో జనపనార మిల్లులో పనికి వెళ్ళాడు. ఆ రోజుల్లో గంజాం, శ్రీకాకుళం జిల్లాల నుంచి అలా వెళ్ళినవాళ్ళు వేలమంది. మిల్లు లైన్లలో ఒక గదిలో ఆరుగురు. ఆదివారం పూట మనవాళ్ళంతా కూడితే అది మన ఊరి వీధిలాగే ఉండేదట. సెలవు దొరికితే లోకల్ రైలెక్కి సియాల్దాలో దిగి, అక్కడినుంచి ట్రాములో మైదాన్‌కు వెళ్ళి ఆట చూసి వచ్చేవాడు.

కలకత్తాలో పెద్ద టీములు రెండు: మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ తూర్పు బెంగాల్ వాళ్ళది. 1947లో దేశం రెండు ముక్కలయ్యాక ఇల్లూ పొలమూ వదులుకుని వచ్చినవాళ్ళకి ఆ ఎర్ర పసుపు చొక్కాలే సొంత ఊరయ్యాయి. "ఊరు వదిలి వచ్చినవాళ్ళ టీము అది. మరి నేనూ అంతే కదా" అనేవాడు బాబాయి. మరో కారణం కూడా ఉంది. 1950 ప్రాంతాల్లో ఆ టీములో పంచపాండవులని పిలిచే ఐదుగురు ఉండేవారు. వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అందరూ దక్షిణాదివాళ్ళే. 1949 నుంచి 1951 దాకా వరసగా మూడేళ్ళు ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచారు. అప్పారావు అనే పేరు కలకత్తా వీధుల్లో వినబడితే మన కుర్రాడికి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? బాబాయి వెళ్ళేసరికి వాళ్ళ కాలం అయిపోయినా, సికింద్రాబాదు నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ ఆడుతున్నాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన జట్టులో ఆయనా ఉన్నాడు. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినది హైదరాబాదు రహీమ్ గారు.

నేను 1962లో పుట్టాను. మా నాన్న పట్టుచీరల కొట్టులో గుమాస్తా. రాత్రి తొమ్మిది దాటితేగాని ఇంటికి వచ్చేవాడు కాదు. నాయనమ్మకు చదువు రాదు. అమ్మ పొయ్యి దగ్గర. అందుకని బాబాయి నుంచి ఇన్‌లాండు ఉత్తరం వస్తే పైకి చదివే పని నాది. ముందు అందరి క్షేమం. తర్వాత నాయనమ్మ మోకాళ్ళ నొప్పులు. ఆ తర్వాత "నలభై రూపాయలు పంపాను" అన్న ముక్క. చివర ఆట. నాయనమ్మకు డబ్బు దాకా వింటే చాలు. నాకు అక్కడినుంచే అసలు ఉత్తరం మొదలు.

మాకొక ట్రాన్సిస్టర్ ఉండేది. మ్యాచి ఉన్న సాయంత్రం కలకత్తా స్టేషను పట్టుకోవాలని తంటాలు పడేదాన్ని. గరగరల మధ్య అజయ్ బసు గారి బెంగాలీ వ్యాఖ్యానం వచ్చేది, పోయేది. ఒడియా వచ్చు కాబట్టి సగం అర్థమయ్యేది. మిగతా సగం జనం అరుపుల్నిబట్టి ఊహించుకోవడమే. ఆ అరుపు మనదో వాళ్ళదో తెలిసేలోపు స్టేషను జారిపోయేది. ఇక ఫలితం తెలియాలంటే హౌరా నుంచి రైల్లో కలకత్తా పేపరు రావాలి. నాన్న కొట్టు యజమాని ఆ పేపరు తెప్పించేవాడు. ఆయన చదవడం అయ్యాక నాన్న ఇంటికి తెచ్చేవాడు. మొదటి పేజీ నిండా ఢిల్లీ సంగతులు, బియ్యం ధరలు, వరదలు, సమ్మెలు. నేను పేపరును వెనక నుంచి తిరగేసేదాన్ని. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

1975 సెప్టెంబరు 30న షీల్డు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ను ఐదు సున్నాతో ఓడించింది. ఆ ఏడాది లీగు కూడా గెలిచి, 1970 నుంచి వరసగా ఆరుసార్లు గెలిచినట్టయింది. దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. పేపరు ముందు పేజీలన్నీ ఒకే మాట చెబుతున్న రోజులవి. వారం తిరక్కుండా బాబాయి ఉత్తరం వచ్చింది. ఇన్‌లాండు కాదు, కవరు. లోపల నాలుగు కాగితాలు. సుర్‌జిత్ సేన్‌గుప్తా ఐదో నిమిషంలోనే ఎలా కొట్టాడో, శ్యామ్ థాపా రెండు ఎలా కొట్టాడో బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి మరీ రాశాడు. నేను ఊగిపోతూ చదువుతున్నాను, "ఐదు గోళ్ళు కొట్టారట నాయనమ్మా!" అని.

"గోళ్ళు కొట్టడమేమిటే? గోళ్ళు తీసుకుంటారు గానీ" అంది నాయనమ్మ. మేమంతా పడీపడీ నవ్వాం. అమ్మ మాత్రం నవ్వలేదు. "డబ్బు సంగతి ఏం రాశాడు?" అని అడిగింది. నాలుగు కాగితాలూ తిరగేశాను. ఎక్కడా లేదు.

దసరాకి బాబాయి ఇంటికి వస్తే పండగే. మనకు చిలక సరస్సు దగ్గర, రొయ్యలకేం కరువు? అమ్మ రొయ్యల కూర వండితే "రొయ్య మోహన్ బగాన్ వాళ్ళది వదినా, నేను ముట్టను" అని కాసేపు అల్లరి చేసి, తర్వాత రెండుసార్లు వడ్డించుకునేవాడు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వాళ్ళ ఇళ్ళలో ఇలీశ చేప వండుతారు. సముద్రం నుంచి గోదావరికి ఎదురీదితే మన యానాంలో పులస అనేది ఆ చేపనే. యానాం పాఠకులు తెలియకుండానే మా జట్టులో ఉన్నారన్నమాట!

1980 ఆగస్టు 16 శనివారం. ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు టీములకీ లీగు మ్యాచి. టిక్కెట్టు దొరికిందని బాబాయి పది రోజుల ముందే రాశాడు. మర్నాడు పొద్దున రేడియో వార్తల్లో చెప్పారు. గ్యాలరీలో కొట్లాట, తొక్కిసలాట, పదహారు మంది చనిపోయారు. ఆట చూడడానికి వెళ్ళినవాళ్ళు ఇంటికి రాకపోవడం అప్పటిదాకా నేను ఊహించని విషయం. నాన్న తంతి ఆఫీసుకు పరుగెత్తాడు. ఆదివారం గడిచింది, సోమవారం గడిచింది. నాయనమ్మ అరుగు దిగలేదు. మంగళవారం మధ్యాహ్నం తంతి వచ్చింది: "సేఫ్. లెటర్ ఫాలోస్."

తర్వాత ఉత్తరం కూడా వచ్చింది. క్షేమంగా ఉన్నాను, యాభై రూపాయలు పంపాను, అమ్మను మందులు మానవద్దని చెప్పండి. అంతే. మూడు వైపులా రాసుకునే ఇన్‌లాండులో ఒక వైపు కూడా నిండలేదు. నేను మడిచి పక్కన పెడుతుంటే నాయనమ్మ "మరి ఆట సంగతి రాయలేదేమే?" అంది. డబ్బు తర్వాత ఏమీ వినని నాయనమ్మ! బాబాయి వేరే గ్యాలరీలో ఉన్నాడనీ, జనంతోపాటు పరుగెత్తి ఒక చెప్పు పోగొట్టుకుని సియాల్దా దాకా నడిచాడనీ చాలా కాలానికి తెలిసింది. ఆ తర్వాత ఆయన మైదానానికి వెళ్ళలేదు, రేడియోలో వినడమే. ఆ పదహారు మంది జ్ఞాపకంగా కలకత్తాలో ఏటా ఆగస్టు 16న రక్తదానం చేస్తారు.

1984లో నాయనమ్మ పోయింది. వంటింటి గోడకు వేలాడే తీగకు ఆవిడ వచ్చిన ప్రతి ఉత్తరమూ, మనియార్డరు కూపనూ గుచ్చేది. కర్మలయ్యాక ఆ తీగ దించి ఉత్తరాలు సర్దుతూ కూర్చున్నాను. తేదీలవారీగా పెడుతుంటే ఒకటి కనిపించింది. ఆట సంగతులు రెండు మూడు పేజీలున్న ఉత్తరాల పక్కన కూపన్లు లేవు. 1975లో ఆ నాలుగు కాగితాల ఉత్తరానికి ముందు రెండు నెలలు, తర్వాత ఒక నెల డబ్బు రాలేదు. మిల్లుకు తాళం పడినప్పుడల్లా ఉత్తరంలో ఫుట్‌బాల్ పెరిగింది. నేను చిన్నప్పుడు ఎగిరి గంతేసి చదివినవన్నీ ఆయన పస్తులున్న నెలలవి. అమ్మకు ఆనాడే తెలుసు.

నాకు పెళ్ళయింది. మావారు బ్యాంకు ఉద్యోగి. నేను పేపరు వెనక నుంచి మొదలుపెడితే "ఆ టీమువాళ్ళు మీకు చుట్టాలా?" అని ఆటపట్టించేవారు. బాబాయి 1996లో పని మానుకుని బరంపురం వచ్చేశాడు. 2003 జూలైలో ఈస్ట్ బెంగాల్ జకార్తా వెళ్ళి, థాయ్‌లాండ్ టీము బెక్ టెరో ససానాను మూడు ఒకటితో ఓడించి ఆసియాన్ క్లబ్ కప్పు గెలిచింది. మర్నాడు ఆయన కళ్ళజోడు పక్కన పెట్టి "నువ్వే చదవవే, ఆ రోజుల్లోలాగా" అన్నాడు. చదివాక అడిగేశాను. "డబ్బు లేనప్పుడే ఆట ఎక్కువ రాసేవాడివి కదూ బాబాయ్?"

ఆయన కాసేపు ఊరుకుని, "అమ్మకు ఖాళీ కాగితం పంపలేను కదే" అన్నాడు. 2009లో ఆయన వెళ్ళిపోయాడు.

ఇక భువనేశ్వర్ సంగతి. మా అబ్బాయి పుణేలో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాడు. వాడిది ఒడిశా ఎఫ్.సి. 2019లో భువనేశ్వర్‌కు వచ్చిన టీము, ఊదారంగు చొక్కాలు. "మన రాష్ట్రం టీమును వదిలి ఎక్కడో బెంగాలు టీమేమిటమ్మా?" అని వాడి దెప్పు. "ఇక్కడ నాలుగు తరాలుగా ఉంటూ తెలుగు పత్రిక చదవడం లేదూ, అలాగే" అని నా జవాబు. మామూలుగా వాడి ఫోను ఐదు నిమిషాలు. 2023 డిసెంబరులో ఫోను అరగంట, ముప్పావుగంట సాగడం మొదలైంది. అంతా ఫుట్‌బాలే. మావారు "వాడికి నీ పిచ్చి పట్టింది" అని నవ్వారు. నాకు మాత్రం తీగకు గుచ్చిన ఉత్తరాలు గుర్తొచ్చాయి.

జనవరిలో సెలవని ఇంటికి వచ్చాడు. ఎన్నాళ్ళు సెలవో చెప్పలేదు. సూపర్ కప్ ఫైనల్ భువనేశ్వర్ కళింగ స్టేడియంలో, ఈస్ట్ బెంగాల్‌కూ ఒడిశాకూ. రెండు టిక్కెట్లు తెచ్చి "రా అమ్మా, నీ టీము ఓడిపోవడం కళ్ళారా చూద్దువుగాని" అన్నాడు.

2024 జనవరి 28 ఆదివారం. నేను పసుపు చీర, ఎర్ర రవిక. చుట్టూ ఊదారంగు. ముందు ఒడిశా గోలు కొట్టింది. రెండో సగంలో నందకుమార్ సమం చేశాడు. చెన్నై కుర్రాడు, అంతకుముందు సీజను దాకా ఒడిశాకే ఆడినవాడు. తర్వాత పెనాల్టీతో మనది ఆధిక్యం. ఇక గెలిచామనుకుంటుంటే, ఆఖరి క్షణాల్లో ఒడిశాకు పెనాల్టీ. రెండు రెండు. మావాడు కుర్చీ మీద నిలబడి అరుస్తుంటే, నా టీము గెలుపు చేజారుతున్నా, వాణ్ణి అలా చూసి నాకు సంతోషమే వేసింది. నెలరోజులుగా వాడి మొహంలో ఆ వెలుగు లేదు. అదనపు సమయంలో, 111వ నిమిషంలో, క్లేటన్ సిల్వా కొట్టాడు. మూడు రెండు. 2012 తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు దేశస్థాయి కప్పు రావడం అదే మొదలు. నా పక్కన కుర్చీలో ఎవరో బెంగాలీ పెద్దాయన ఏడుస్తున్నాడు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను.

అర్ధరాత్రి భువనేశ్వర్ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాం. వాడు టీ తాగుతూ ఆ ఆఖరి గోలు గురించే చెప్పిందే చెబుతున్నాడు.

"ఒరే, మీ చిన్నతాత ఉత్తరంలో ఫుట్‌బాల్ ఎక్కువైతే మిల్లు మూసేశారని అర్థం" అన్నాను.

వాడు టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. "నవంబరులో తీసేశారమ్మా. నాతోపాటు చాలామందిని" అన్నాడు చివరికి. రైలు వచ్చేదాకా మాట్లాడుకున్నాం. అప్పు ఎంత, అద్దె ఎంత, నాన్నకు ఎలా చెప్పాలి. ఆట ఊసు మళ్ళీ రాలేదు.

నాలుగు నెలలకు వాడికి పుణేలోనే మరో ఉద్యోగం దొరికింది. జీతం తక్కువే. ఇప్పుడు ఆదివారం ఫోను చేస్తే ముందు ఉద్యోగం సంగతి చెబుతాడు, ఆ తర్వాతే ఆట. అలాగని ఒప్పందం చేసుకున్నాం. మీ పిల్లలు కూడా ఎక్కడెక్కడో ఉండే ఉంటారు. ఫోనులో సినిమా గురించో క్రికెట్ గురించో మరీ ఎక్కువ చెబుతుంటే అడ్డుపడకుండా పూర్తిగా వినండి. విన్నాక, ఇంకో మాట కూడా అడగండి.